తప్పు అను మాట: దాని పుట్టుక, దాని భావము



ఈ నెల పాఠమునకు ఒక చిన్న మాటను తీసికొందము. అది రెండక్షరముల మాట. చదువురాని అవ్వకును తెలిసినది, పలక పట్టిన బిడ్డకును తెలిసినది. "తప్పు" అనునదే ఆ మాట. ప్రతిదినము మన నోట పలుమారులు వచ్చుచున్నను, అది ఎక్కడనుండి వచ్చెనో, ఏమి చెప్పుచున్నదో మనము నిలిచి ఆలోచించుట అరుదు. మాటను సరిగా తెలిసికొననిచో మనుష్యులను సరిగా తీర్పు తీర్చలేము. తప్పు కానిదానిని తప్పని పిలిచి బలహీనులను నలుగగొట్టుదుము. నిజమైన తప్పును మామూలే అని విడిచిపెట్టుదుము. కాబట్టి ఇది పండితుల చర్చ కాదు, మన ఇండ్లకును మన సంఘములకును సంబంధించిన సంగతి.

ఈ పాఠము చదువుటకు ముందు ఇంటిల్లిపాది కూర్చుండి లూకా సువార్త 15వ అధ్యాయమును, గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములోని మొదటి అయిదు వచనములను చదువుకొనుడి.

1. మాట పుట్టిన యిల్లు

మన భాషలో పాపము, దోషము, అపరాధము, అతిక్రమము అను మాటలు కలవు. ఇవన్నియు సంస్కృతమునుండి వచ్చినవి. "తప్పు" అట్టిది కాదు. అది తెలుగు ఇంట పుట్టిన మాట, దానికి అన్నదమ్ములు చుట్టుప్రక్కల భాషలలో కలరు. తమిళమువారు తప్పు అందురు. కన్నడమువారును తప్పు అందురు. మలయాళములోను తుళువులోను ఇదే ధాతువు కలదు.

1816వ సంవత్సరములో మదరాసులో ఉద్యోగము చేయుచుండిన ఎల్లిస్ దొర, కాంబెల్ దొర వ్రాసిన తెలుగు వ్యాకరణమునకు ముందుమాటగా ఒక వ్యాసము చేర్చి, తెలుగు, తమిళము, కన్నడము ఒక కుటుంబపు భాషలని, వాటి మూల ధాతువులు సంస్కృతమునుండి పుట్టినవి కావని చూపెను. కడప ప్రాంతములో పనిచేసి తెలుగునకు ఎంతో సేవ చేసిన బ్రౌను దొర 1852లో ప్రకటించిన నిఘంటువులో "తప్పు" క్రియగాను నామవాచకముగాను కనబడును. 1961లో బరో, ఎమెనో అను ఇద్దరు పండితులు ద్రావిడ భాషల ధాతువులన్నిటిని ఒక నిఘంటువుగా కూర్చినప్పుడు ఈ మాటలను ఒకే చోట చేర్చిరి.

మన చిత్తూరు సీమవారికి ఇది గ్రంథములు చూచి నేర్చుకొనవలసిన సంగతి కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడే దానిలో తెలుగు, తమిళము కలిసియుండెను. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము మదరాసు రాష్ట్రమునకు పోయినను సరిహద్దు పల్లెలలో రెండు భాషలును నిలిచినవి. కుప్పము వైపు పోయిన కన్నడమును వినబడును. 2022లో జిల్లాలు విడిపోయి తిరుపతి జిల్లా వేరైనను సంతలోని మాటలు విడిపోలేదు. ఆ సంతలో ఒకడు తప్పు అనినయెడల ముగ్గురు భాషలవారును తలయెత్తి చూతురు. వారికి అర్థము చెప్పవలసిన పనిలేదు.

ఈ మాట మొదట క్రియ. దాని మూలార్థము తొలగుట, జారుట, ఉండవలసిన చోటినుండి ప్రక్కకు పోవుట. "నేరము" అను అర్థము దానినుండి తరువాత వచ్చినది. దారి తప్పినవాడు ముందు, తప్పు చేసినవాడు తరువాత. ఈ వరుస మనకు ముఖ్యము.

2. పల్లెలో ఈ మాట నడక

మన పల్లెవారు ఈ మాటను ఎట్లు వాడుదురో చూడుడి.

వానలు తప్పినవి అందురు. అదను తప్పినది అందురు. వేరుశనగ విత్తవలసిన దినములు దాటిపోయినవని అర్థము. పాటలో తాళము తప్పినది, రూకలలో లెక్క తప్పినది, పుస్తకములో అచ్చుతప్పు పడినది అందురు. మూర్ఛ వచ్చినవానిని తెలివి తప్పినాడు అందురు. మాట ఇచ్చి నిలుపుకొననివానిని మాట తప్పినాడు అందురు. బడిపిల్లవానికి మార్కులు చాలనియెడల పరీక్ష తప్పినాడు అందురు. చెట్టుమీదనుండి పడినవానికి కీలు తప్పినది అందురు.

ఇంకొకటి కలదు. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు నెల తప్పినది అనగానే అత్తగారి ముఖము వెలిగిపోవును. అదే మాట, అదే తప్పుట. అయినను ఆ ఇంట దానికంటె సంతోషవార్త లేదు. గండము తప్పినది అని చెప్పునప్పుడును మనము దేవుని స్తుతించుచున్నాము. ప్రమాదమునుండి బయటపడుటను తప్పించుకొనుట అందుము గదా.

దీనినిబట్టి ఒక సంగతి తేటగా తెలియుచున్నది. తప్పుట అనునది తనంతట తాను చెడ్డది కాదు, మంచిది కాదు. అది ఒక గీతనుండి తొలగుట. అది ఏ గీత? ఆ గీతను గీసినవాడెవడు? దానిమీద నడువవలసిన పని మనకు కలదా? ఈ ప్రశ్నలకు జవాబు వచ్చిన తరువాతనే అది మేలా కీడా అని చెప్పగలము. ఎవనినైనను తప్పినాడని మనము అనునప్పుడెల్ల "దేనినుండి తప్పినాడు?" అని మనలను మనమే అడుగుకొనవలెను. ఈ పాఠమంతటికిని ఈ ప్రశ్నయే తాళపుచెవి.

3. పరిశుద్ధ గ్రంథములోని మాటలు

పాతనిబంధన హెబ్రీ భాషలో వ్రాయబడినది. అందులో పాపము చేయుట అని మనము చదువు చోట్ల ఎక్కువగా వచ్చు క్రియ "హాతా". న్యాయాధిపతుల గ్రంథము 20వ అధ్యాయము 16వ వచనములో ఈ క్రియ తన మామూలు అర్థములోనే కనబడును. అక్కడ ఏడువందలమంది వడిసెల విసరువారిని గూర్చి చెప్పబడినది. తలవెండ్రుకను గురిగా పెట్టినను వారి రాయి ప్రక్కకు పోదట. గురి తప్పుట అను మాటకు అక్కడ వాడబడినది ఈ క్రియయే. సామెతలు 19వ అధ్యాయము రెండవ వచనములో తొందరపాటు కాళ్లవాడు దారి తప్పుననుటకును ఇదే క్రియ.

క్రొత్తనిబంధన గ్రీకు భాషలో వ్రాయబడినది. అందులో పాపమునకు ఎక్కువగా వచ్చు మాట "హమర్తియ". క్రీస్తుకు పూర్వము ఎన్నో వందల ఏండ్ల క్రిందటి హోమరు అను గ్రీకు కవి, యోధుడు విసరిన ఈటె శత్రువునకు తగులక ప్రక్కగా పోయిన సందర్భములలో ఈ కుటుంబపు క్రియనే వాడెను.

మన దేశపు సంస్కృతములోను ఇదే వింత కలదు. అమరకోశములో "అపరాద్ధపృషత్కుడు" అని ఒక మాట ఉన్నది. గురి తప్పిన బాణముగల విలుకాడని దాని అర్థము. అపరాధము అను మాట ఆ ఇంటిదే. హెబ్రీవారు, గ్రీకువారు, సంస్కృతమువారు, తెలుగువారు ఒకరిని ఒకరు అడిగి ఈ మాటలు చేసికొనలేదు. అయినను నలుగురును నేరమునకు ఒకే పోలిక తీసిరి. మనుష్యుడు ఒక గురికొరకు చేయబడినాడని, ఆ గురికి అందలేదని ప్రతి జాతి మనస్సునకును ఏదో విధముగా తెలిసియున్నదని నేను తలంచుచున్నాను. అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయము 23వ వచనములో ఆ గురి ఏదో చెప్పినాడు. అది దేవుని మహిమ. మనమందరము దానికి తక్కువపడినవారమని అతని మాట.

అయితే ఇక్కడ జాగ్రత్తగా ఉండవలెను. మాటకు వేరు ఏదో తెలిసినంతమాత్రమున దాని అర్థమంతయు తెలిసినట్లు కాదు. పాపమనగా గురి తప్పుట మాత్రమే అని చెప్పినయెడల, "ఏదో పొరబాటున చేయి జారినది, నేనేమి చేయుదును" అని తప్పించుకొనువారుందురు. దావీదు అట్లు తప్పించుకొనలేదు. 51వ కీర్తన మొదటి రెండు వచనములలో అతడు మూడు మాటలు వాడినాడు. ఒకటి "పెషా". అది తిరుగుబాటు, మోయాబు దేశము ఇశ్రాయేలుమీద తిరుగబడెనని రాజుల రెండవ గ్రంథము మొదటి వచనములో చెప్పినప్పుడు వచ్చిన క్రియ దీనిదే. రెండవది "ఆవోన్". అది వంకరపోవుట అను ధాతువునుండి వచ్చినది. మూడవది మనము చూచిన గురి తప్పుట. మన తెలుగు బైబిలులో ఇవి వరుసగా అతిక్రమము, దోషము, పాపము అని ఉన్నవి. గీతను తెలిసి దాటితిని, లోపల వంకరపోతిని, గురికి అందకపోతిని అని దావీదు మూడు విధములుగా ఒప్పుకొన్నాడు. ఊరియా భార్య సంగతిలో అతని చేయి జారలేదు, చేయి చాచెను. కాబట్టి "తప్పినది" అనుటకును "తప్పు చేసితిని" అనుటకును భేదము కలదు. మొదటిదానిలో చేసినవాడు కనబడడు. రెండవదానిలో నేను కనబడుచున్నాను.

4. మామూలు తప్పుట వేరు, తప్పు వేరు

పైన చెప్పిన ఏడువందలమంది వడిసెలవారిని గూర్చి ఒక మాట మిగిలియున్నది. వారందరును ఎడమచేతి వాటముగలవారు. హెబ్రీలో వారిని కుడిచేయి కట్టబడినవారు అన్నట్లుగా చెప్పియున్నది. వారి గోత్రము బెన్యామీను. ఆ పేరునకు కుడిచేతి కుమారుడని అర్థము. కుడిచేతి గోత్రములో ఎడమచేతివారు! మన పల్లెలలో ఎడమచేత అన్నము తిను బిడ్డను పుర్రచెయ్యి అని వెక్కిరింతురు. చేతిమీద కొట్టువారును కలరు. అయితే గ్రంథమేమి చెప్పుచున్నదో చూడుడి. మామూలుకు తప్పిన ఆ చేతులే గురి తప్పని చేతులు. గురి తప్పుట అను క్రియ అంత తేటగా వచ్చిన ఆ వచనములోనే దేవుని ఆత్మ ఈ సంగతిని వ్రాయించి ఉంచుట మనకు బోధ కాదా?

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివాని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న ఈనాటికిని మన వీధులలో వినబడుచున్నది. ఎవని పాపమువలన ఇట్లు పుట్టినాడు, వీనిదా, వీని తల్లిదండ్రులదా? ప్రభువు ఆ రెంటిని కాదనెను. నడువలేని బిడ్డ, మాట రాని బిడ్డ, బుద్ధి ఎదుగని బిడ్డ పుట్టిన ఇంట తల్లిని చూచి "ఏ తప్పు చేసితివో" అను నోరు ప్రభువు మాటకు ఎదురు పలుకు నోరు. ఆ బిడ్డ మామూలునుండి తప్పినదేమో గాని ఆ బిడ్డయందు తప్పు లేదు.

కొన్నేండ్ల క్రిందట ఒక పల్లెలో పదవ తరగతి ఫలితములు వచ్చిన దినమున ఒక బాలుడు ఇల్లు విడిచిపోయెను. మూడవ దినమున బంధువులు వానిని రేణిగుంట రైలుస్టేషనులో కనుగొని తీసికొనివచ్చిరి. తండ్రి కోపముతో గడపలో నిలువబడి "పరీక్ష తప్పినోడికి ఈ ఇంట్లో కూడు లేదు" అనెను. సంఘపెద్దలు ఏమి చెప్పవలెనో తోచక నిలిచిరి. అప్పుడు వాని అవ్వ లోపలనుండి వచ్చి నాతో, "అయ్యగారూ, వాడు పరీక్ష తప్పినాడు గానీ తప్పు చేయలేదు కదయ్యా" అనెను. ఆమెకు వ్రాలు చేయుటకూడ రాదు. హెబ్రీ, గ్రీకు ఆమె ఎరుగదు. అయినను ఆ రెంటికి నడుమనున్న గీతను మా అందరికంటె ఆమె తేటగా చూచినది. తండ్రి తల వంచి ప్రక్కకు తొలగెను. బాలుడు లోపలికి పోయి అన్నము తినెను.

ఫలితముల దినములలో మన బిడ్డలు ఎంత దిగులు పడుచున్నారో, కొందరు ప్రాణములే తీసికొనుచున్నారో పత్రికలలో చదువుచున్నాము. తప్పిన పరీక్షను మరల వ్రాయుటకు ప్రభుత్వమే సప్లిమెంటరీ పరీక్ష పెట్టుచున్నది. పోయిన బిడ్డకు సప్లిమెంటరీ లేదు. తల్లిదండ్రులారా, ఆ దినమున మీ నోటనుండి వచ్చు మొదటి మాటను ముందుగానే సిద్ధపరచుకొనుడి.

ఇప్పుడు ఈ త్రాసులోని రెండవ తట్టను చూతము. "మామూలు" అను మాట అరబ్బీనుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. వాడుకలో ఉన్నది, జరుగుచున్నది అని దాని అర్థము. అయితే కచేరీకి పోయినప్పుడు మామూలు ఇచ్చితివా అని అడిగిన, దాని అర్థము మీకందరికి తెలియును. లంచమునకు మన జనులు పెట్టిన పేరు మామూలు! అందరును చేయుచున్నదానికి పాపమను పేరు పోయి వాడుక అను పేరు వచ్చినది. నిర్గమకాండము 23వ అధ్యాయములో గుంపు వెంటబడి కీడు చేయవద్దని రెండవ వచనమును, లంచము పుచ్చుకొనవద్దని ఎనిమిదవ వచనమును హెచ్చరించుచున్నవి. పెండ్లిలో కట్నము మామూలే. సంఘములోనికి వచ్చిన తరువాతను కులము చూచి ప్రక్కన కూర్చుండుట కొన్ని చోట్ల మామూలే. ఇట్టి మామూలునుండి తప్పుట తప్పు కాదు, దానిలో నిలిచియుండుటయే తప్పు.

ఆకాశమునుండి ఒక పోలిక చెప్పెదను. పూర్వకాలపు గ్రీకువారు రాత్రివేళ నక్షత్రములన్నియు వరుసగా నడుచుచుండగా కొన్ని మాత్రము ముందుకు పోయి, నిలిచి, వెనుకకు మరలుట చూచి, వాటికి దారి తప్పి తిరుగునవి అని పేరు పెట్టిరి. ఇంగ్లీషులో గ్రహమును ప్లానెట్ అనుట ఆ పేరునుండియే. యాకోబు పత్రిక 5వ అధ్యాయము 19వ వచనములో సత్యమునుండి తొలగినవానిని గూర్చి వచ్చు క్రియయు ఆ ఇంటిదే. వేదాంతవిద్య చదివిన కెప్లరు అను జర్మను పండితుడు 1609లో అంగారకుని నడకను లెక్కకట్టి, అది సూర్యుని చుట్టు దీర్ఘవృత్తాకారపు దారిలో నియమము తప్పక తిరుగుచున్నదని చూపెను. దారి తప్పినదని వేల ఏండ్లు నిందపడినది తన దారిని ఎన్నడును తప్పలేదు. చూచువారు నిలువబడిన చోటు భూమి, వారు సూర్యునినుండి చూడలేదు. మనముకూడ మన వీధినుండి చూచి మనుష్యులను తప్పినవారని వ్రాసికొనుచున్నాము. నీతిసూర్యుడైన ప్రభువునుండి చూచినప్పుడే ఎవడు తప్పెనో తెలియును.

5. తప్పిపోయినవారు

లూకా 15వ అధ్యాయములో మూడు తప్పిపోవుటలు కలవు. గొఱ్ఱె గడ్డి వెదకుచు తెలియక పోయినది. నాణెము ఇంటిలోనే పోయినది, పోవుటలో దాని దోషమేమియు లేదు. చిన్న కుమారుడు తెలిసి, అడిగి, పంచుకొని, మూట కట్టుకొని పోయినాడు. ముగ్గురి తప్పిపోవుట ఒకటి కాదు. అయినను మూడింటిని గూర్చియు వెదకినవారికి, ఎదురుచూచినవారికి సంతోషము ఒకటే.

కుమారుడు తిరిగి వచ్చుచు తన్ను గూర్చి చెప్పుకొన్న మాట గురి తప్పుట అను గ్రీకు మాట. మన బైబిలులో పాపము అని ఉన్నది. తండ్రి వానిని గూర్చి చెప్పిన మాట వేరు. అది పోగొట్టుకొనబడుట, మన బైబిలులో తప్పిపోవుట. కుమారుడు తన నేరమును చెప్పెను, తండ్రి తన నష్టమును చెప్పెను. ఇద్దరును తమ తమ మాట చెప్పుటయే సరి. కుమారుడు "నేను తప్పిపోతిని" అని ఊరుకొనినయెడల పశ్చాత్తాపము లేకపోవును. తండ్రి "నీవు తప్పు చేసితివి" అని గడపలో నిలిచినయెడల విందు లేకపోవును. మన ఇండ్లలో ఈ రెండు మాటలు తారుమారగుటచేత ఎన్ని తలుపులు మూయబడియున్నవి!

పెద్ద కుమారుని మరువకుడి. తండ్రి ఆజ్ఞను ఒక్కనాడును దాటలేదని అతడు చెప్పుకొనెను. అది అబద్ధమని తండ్రి అనలేదు. పొలమునకు పోవుట తప్పలేదు, పని తప్పలేదు, వరుస తప్పలేదు. అయినను కథ ముగియువేళకు ఇంటి బయట నిలిచియున్నవాడు అతడే. ఆరాధన తప్పక, చందా తప్పక, ప్రార్థన తప్పక నడుచుచు, సహోదరుని ప్రేమించుట తప్పినవారికి ఇది హెచ్చరిక.

6. కీలు తప్పినప్పుడు

గలతీయుల పత్రిక 6వ అధ్యాయము మొదటి వచనములో మన తెలుగు బైబిలువారు "తప్పితము" అను మాట పెట్టిరి. గ్రీకులో అది ప్రక్కకు పడుట. అట్టివానిని ఏమి చేయవలెనని పౌలు చెప్పినాడు? "కతర్తిజో" అను క్రియ వాడినాడు. మార్కు సువార్త మొదటి అధ్యాయము 19వ వచనములో యాకోబు యోహానులు దోనెలో కూర్చుండి తెగిన వలలు బాగుచేసికొనుచుండిరని చెప్పిన క్రియ ఇదే. గ్రీకు వైద్యులు కీలు తప్పిన ఎముకను మరల దాని స్థానములో కుదుర్చుటకును ఈ కుటుంబపు మాటనే వాడిరి.

మన సీమలో దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. పుత్తూరు కట్టు ఎరుగనివారు మనలో ఎవరు? ఎముక విరిగినవారు, కీలు తప్పినవారు తమిళదేశమునుండియు కర్ణాటకమునుండియు పుత్తూరునకు వచ్చుట అందరికి తెలిసినదే. ఎక్కడి వైద్యము మేలో చెప్పుట ఈ పాఠము పని కాదు. ఆ పని ఎట్లు జరుగునో మాత్రము గమనించుడి. కట్టువాడు మొదట వ్రేళ్లతో తడిమి ఎముక ఎక్కడ తొలగినదో కనుగొనును. దానిని మెల్లగా సరిచేసి ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన పట్టించి, వెదురుబద్దలు పెట్టి గుడ్డతో కట్టును. తరువాత దినములు గడువవలెను. తప్పిన చేయిని చూచి కోపపడి కోసివేయువాడు వైద్యుడు కాడు. నొప్పికి భయపడి ముట్టక విడిచిపెట్టువాడును వైద్యుడు కాడు. అట్లు విడిచిన చేయి వంకరగానే అతుకుకొనును. సరిచేయునప్పుడు నొప్పి కలుగును, అది నిజము. అందుకే పౌలు సాత్వికమైన మనస్సు కావలెననెను.

మన పాత కుల పంచాయితీలలో తప్పు కట్టించుట అను వాడుక కలదు. నేరమునకు వేసిన జరిమానాకే తప్పు అని పేరు. రూకలు కట్టినయెడల తీరిపోయెను, కట్టనియెడల వెలి. కొన్ని సంఘములు ఈ పంచాయితీ పద్ధతినే తెచ్చి బల్లయొద్ద కూర్చుండబెట్టినవి. తప్పినవాడు జరిమానా కట్టునా, వెలియగునా అను రెండు దారులే చూచుచున్నవి. అపొస్తలుడు చూపినది మూడవ దారి. తప్పు కట్టించుట కాదు, తప్పినదానిని కట్టు కట్టుట. క్రమశిక్షణ వలదని నేను చెప్పుటలేదు. బద్దలులేని కట్టు నిలువదు. త్రాగుడులో పడినవాడు, అప్పు ఎగగొట్టినవాడు, కాపురము చెడగొట్టుకొన్నవాడు తాను ఏమి చేసెనో వినవలెను, నష్టపడినవారికి చెల్లింపవలెను. కొంతకాలము బల్లకు దూరముగా ఉండవలసివచ్చినను పెద్దలు అతని ఇంటికి దూరముగా ఉండరాదు. చేయి కట్టులో ఉన్న దినములలోను అది ఆ శరీరపు చేయియే గదా. వేలాడుచున్న ఆ చేయి బరువును మెడ మోయుచుండును. ఒకని భారము ఒకడు మోయవలెనని తరువాతి వచనము చెప్పుచున్నది ఈ సంగతియే.

7. ఒప్పుకొనుట, కాయుట

మన భాషలో తప్పునకు ఎదురు మాట ఒప్పు. ఒప్పుట అనగా సరిపడుట, కలియుట, సమ్మతించుట. తప్పు ఒప్పుకొనుట అను వాడుక ఎంత చక్కనిదో చూడుడి. తొలగినదానిని తెచ్చి సరిపడు చోట పెట్టుట అందులోనే ఉన్నది. యోహాను మొదటి పత్రిక మొదటి అధ్యాయము 9వ వచనములో ఉన్న గ్రీకు మాట "హొమొలొగెయో" అనగా ఒకే మాట పలుకుట. నా పనిని గూర్చి దేవుడు ఏమి చెప్పుచున్నాడో నేనును అదే చెప్పుట. ఆయన తప్పనినదానిని నేను మామూలు అనకుండుట, ఆయన తప్పు కాదనినదానిని నేను తప్పు అనకుండుట. ఇదే ఒప్పుకోలు.

కడపటి మాట. క్షమింపుమని అడుగునప్పుడు మన పెద్దలు "నా తప్పు కాయండి" అందురు. కాయుట అనగా కాపాడుట, కావలియుండుట. గొఱ్ఱెలు కాయుట, చేను కాయుట అని మనమెరుగుదుము. తప్పునుకూడ కాయవలెనని అడిగిన జాతి మనది. తప్పిపోయినదానిని వెదకి భుజములమీద మోసికొనివచ్చిన ఆ మంచి కాపరియే మన తప్పులు కాయువాడు. మనము గొఱ్ఱెలము మాత్రమే కాము, ఒకరికొకరు కాపరులము. ఈ నెలలో మీ వీధిలో తప్పిపోయిన ఒకరి ఇంటికి పోయి తలుపు తట్టుడి.

సంఘ కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో ఎవరినైనను తప్పు చేసినవారినిగా చూచుచున్నామా, వారు నిజముగా మామూలునుండి వేరుగా ఉన్నవారు మాత్రమే కాదా?

2. మన ఇండ్లలో, సంఘములో మామూలు అను పేరుతో దాగియున్న తప్పులు ఏవి?

3. చిన్న కుమారుడు చెప్పిన మాటకును తండ్రి చెప్పిన మాటకును భేదమేమి? మన ఇంట ఎవరు ఏ మాట చెప్పవలసియున్నది?

4. క్రమశిక్షణలో ఉన్న ఒక విశ్వాసిని ఈ నెలలో ఎవరు, ఎప్పుడు చూడబోవుదురు? పెద్దలు పేరు పెట్టి నిర్ణయించుకొనవలెను.

ప్రార్థన: ప్రభువా, మా వీధి గీతతో కాక నీ గీతతో మమ్మును కొలువుము. మేము తప్పిన చోటు మాకు చూపుము. తప్పినవారిని నలుగగొట్టక కట్టు కట్టు చేతులు మాకు దయచేయుము. మా తప్పులు కాయుము. ఆమేన్.